పిల్లల చెవిలో గ్రోమెట్ వేయించాలా, ఆగాలా? తేల్చుకునే పద్ధతి ఇదీ

మా వాడికి నాలుగేళ్ళు నిండిన ఏడు, వానాకాలం. వీధి గుమ్మంలో నిలబడి "నాన్నా, నా చెప్పులు పట్రా" అని కేకేశాను. లోపలికి వెళ్ళి రెండు కప్పులు పట్టుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. వారం తిరక్కుండా స్కూలు డైరీలో టీచరమ్మ రాసి పంపారు: "చెప్పిన మాట వినడం లేదు." వినడం లేదంటే వినపడటం లేదేమోనని, ఆ రాత్రి వాడు టీవీకి జానెడు దూరంలో కూర్చుని సౌండు పెంచుకుంటుంటే గాని మాకు తట్టలేదు.

ఈఎన్‌టీ డాక్టరు గారు చెవుల్లోకి లైటు వేసి చూసి, "రెండు చెవుల్లోనూ నీరుంది. గ్రోమెట్లు వేసేద్దాం, శుక్రవారం ఖాళీ ఉంది" అన్నారు. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చివరికి మేం గ్రోమెట్లు, అంటే కర్ణభేరి పొరలో ఇరికించే చిన్న గొట్టాలు, వేయించాం, కాకపోతే ఆ శుక్రవారం కాదు, నాలుగు నెలల తర్వాత. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులో మా ఆడపడుచు కూతురికీ వేయించమన్నారు. వాళ్ళు వేయించలేదు, ఆ పిల్ల ఇప్పుడు శుభ్రంగా ఉంది. రెండిళ్ళలోనూ సరైన నిర్ణయమే జరిగిందని నా నమ్మకం. ఆ తేడా ఎక్కడ వచ్చిందో మీ ఇంట్లో మీరు వెతుక్కోవడానికి ఈ వ్యాసం. నేను డాక్టర్ని కాను, రిపోర్టులు పట్టుకుని తిరిగిన తల్లిని. చెవి చూసి చెప్పాల్సింది డాక్టరే. అడగాల్సినవి అడగడం మాత్రం మన పని.

మొదటి అడుగు: ఉన్నది ఏ జబ్బో విడదీసుకోండి

"పిల్లాడికి చెవి బాగోలేదు" అంటాం గానీ, ఆ మాట కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి, ఉన్నట్టుండి వచ్చే ఇన్ఫెక్షన్. జలుబు చేసిన రెండో రోజో మూడో రోజో అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడుపు, జ్వరం. చూస్తే కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉంటుంది. రెండోది, నొప్పీ జ్వరం ఏమీ లేకుండా కర్ణభేరి వెనక ద్రవం నిలిచిపోవడం. రోజులు గడిచేకొద్దీ అది జిగురులా చిక్కబడుతుంది, అందుకే దీన్ని గ్లూ ఇయర్ అంటారు. పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు, తింటూనే ఉంటాడు, వినికిడి మాత్రం మందగిస్తుంది. మూడోది చెవి కారడం. నెలల తరబడి చీము కారుతోందంటే చాలాసార్లు కర్ణభేరికి అప్పటికే చిల్లు పడిందని అర్థం. దాని వైద్యం వేరు, దానికి గ్రోమెట్ పరిష్కారం కాదు. కంపు కొట్టే చీమైతే అసలు ఆలస్యం చేయొద్దు.

గ్రోమెట్ గురించి ఆలోచించాల్సింది మొదటిది మాటిమాటికీ వస్తున్నప్పుడు, లేదా రెండోది పోకుండా ఉన్నప్పుడు.

ఈ నీరు ఎందుకు చేరుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడేస్తాయి, గుటక వేస్తే 'టప్' మని తెరుచుకుంటాయి కదా? ఆ చప్పుడు యూస్టేషియన్ ట్యూబ్‌ది. ముక్కు వెనక నుంచి, కర్ణభేరికి లోపలి వైపున్న మధ్య చెవికి వెళ్ళే సన్నటి గొట్టం అది. గుటక వేసినప్పుడల్లా తెరుచుకుని చెవిలోకి గాలి పంపుతుంది. చిన్నపిల్లల్లో ఇది పొట్టిగా, మెత్తగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే చాలు, మూసుకుపోతుంది. గాలి అందని మధ్య చెవిలో నీరు ఊరుతుంది. ఆరేడేళ్ళు వచ్చేసరికి గొట్టం పొడవై ఏటవాలుగా తిరుగుతుంది, అందుకే ఎక్కువ మంది పిల్లలకి ఈ బాధ వయసుతో పాటు పోతుంది.

గ్రోమెట్ అంటే ఆవగింజ కంటే కాస్త పెద్దగా ఉండే చిన్న గొట్టం, నడుమ నొక్కిన దారపు రీలులా ఉంటుంది. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీరు పీల్చేసి, దాన్ని ఇరికిస్తారు. చాలామంది అది నీరు బయటికి తోడే పైపు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. దాని అసలు పని గాలి లోపలికి పంపడం. యూస్టేషియన్ ట్యూబ్ చేయలేకపోతున్న పనిని అది ఎదిగేదాకా కొన్నాళ్ళు ఇది చేసిపెడుతుంది. అంతే.

రెండో అడుగు: తేదీ రాసుకోండి

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు మీదే రాసుకోండి, అంతకంటే మంచి పుస్తకం అక్కర్లేదు. నీరుందని డాక్టరు చూసి చెప్పిన రోజు దగ్గర ఒక గుర్తు పెట్టండి. అక్కడి నుంచి మూడు నెలలు లెక్క.

మూడు నెలలు ఎందుకంటే, ఇన్ఫెక్షన్ తర్వాత మిగిలిపోయిన నీరు వందలో దాదాపు 90 మంది పిల్లలకి ఆ లోపు దానంతటదే ఇంకిపోతుంది. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2013లో ఇచ్చి 2022లో సవరించిన మార్గదర్శకాల్లో కూడా, మూడు నెలలు నిండని నీటికి గ్రోమెట్ వేయొద్దనే ఉంది. మూడు నెలలు దాటినా నిలిచిన నీరు మాత్రం మొండిది. ఆ తర్వాత ఏడాది ఆగినా, తనంతట తాను పోయేది పదిమందిలో ముగ్గురికే.

ఇన్ఫెక్షన్లు మాటిమాటికీ వచ్చే పిల్లలైతే ప్రతిసారీ తేదీ, జ్వరం ఎంత, చెవి ఎవరు చూశారు, ఏ మందు రాశారు అన్నవి రాయండి. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు వచ్చి అందులో కనీసం ఒకటి గత ఆరు నెలల్లోది అయితే దాన్ని 'మళ్ళీమళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్' కింద లెక్కేస్తారు. ఇక్కడ మా ఆడపడుచు వాళ్ళ లెక్క తప్పింది. "ఆరుసార్లు వచ్చింది వదినా" అంది ఫోన్లో. పాత చీటీలన్నీ తీసి చూస్తే, చెవిలోకి లైటు వేసి చూసి రాసినవి రెండే. మిగతావి పళ్ళొచ్చేటప్పుడు పిల్ల చెవి పీక్కుంటే సిరప్ రాసినవి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష కూడా చేయొచ్చు. పిల్లాడు బొమ్మలతో ఆడుకుంటుండగా, వెనక రెండడుగుల దూరంలో నిలబడి, మీ పెదాలు వాడికి కనబడకుండా, గుసగుసగా వాడికి తెలిసిన మాటలు చెప్పండి: బెల్లం, పిల్లి, బంతి, అట్టు. చెప్పిన మాట తిరిగి చెప్పమనండి. ఆటలాగే ఉండాలి. ఫ్యాను ఆపేసి ఒకసారి, ఫ్యాను వేసి ఒకసారి చేయండి. మా వాడు ఫ్యాను ఆపితే నాలుగింట్లో రెండు చెప్పాడు, వేస్తే ఒక్కటీ లేదు. క్లాసులో నాలుగు ఫ్యాన్లు, నలభై మంది పిల్లలు. టీచరమ్మ రాసిన ముక్కకి అర్థం అప్పుడు తెలిసింది. ఇది అసలు పరీక్షకి బదులు కాదు. దేనికోసం పరిగెత్తాలో చెబుతుంది, అంతవరకే.

మూడో అడుగు: రెండు కాగితాలు చేతికి రానివ్వండి

ఇది లేకుండా ఆపరేషన్‌కి తేదీ ఖాయం చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఆ శుక్రవారం మేం వెళ్ళకపోవడానికి కారణం ఇదే. లైటు వేసి చూశారు తప్ప వినికిడి పరీక్ష చేయలేదు. చేయించమని మేమే అడగాల్సి వచ్చింది.

మొదటి కాగితం టింపనోగ్రామ్. చెవిలో చిన్న రబ్బరు బిరడా పెట్టి గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదులుతోందా అని చూస్తారు. నొప్పి ఉండదు, ఒక్కో చెవికి నిమిషం లోపే అయిపోతుంది. కాగితం మీద గీత కొండలా లేస్తే 'టైప్ ఏ', బాగున్నట్టు. కొండ ఎడమ పక్కకి జరిగి ఉంటే 'టైప్ సీ', లోపల గాలి ఒత్తిడి తగ్గిందని. గీత పీటలా చదునుగా పడుకుంటే 'టైప్ బీ', కర్ణభేరి కదలడం లేదని. అదే కాగితం మీద చెవి కాలువ ఘనపరిమాణం అని ఒక అంకె ఉంటుంది. అది మామూలుగా ఉండి గీత చదునుగా ఉంటే వెనక నీరున్నట్టు. అంకె బాగా ఎక్కువుంటే పొరకి చిల్లున్నట్టు. గుబిలి అడ్డుపడినా గీత చదునుగానే వస్తుంది, అందుకే ముందు చెవి చూపించుకోవాలి.

రెండో కాగితం వినికిడి పరీక్షది. ఎంత వయసుకి ఏ పరీక్షో ఆడియాలజిస్టు చూసుకుంటారు. రెండున్నర, మూడేళ్ళు దాటితే ఆటలాగా చేస్తారు: హెడ్‌ఫోన్లో 'కీ' మన్నప్పుడల్లా ఒక పూసని డబ్బాలో వేయాలి. మరీ చిన్నపిల్లలకి చప్పుడు వచ్చిన వైపు తల తిప్పితే బొమ్మ వెలిగే పద్ధతి. ఏదీ కుదరకపోతే నిద్రమందు సిరప్ పట్టించి బెరా (చప్పుడుకి వినికిడి నరం ఎలా స్పందిస్తోందో కొలిచే పరీక్ష) తీస్తారు.

వచ్చిన బొమ్మలో ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. పై నుంచి కిందికి డెసిబెల్స్. గుర్తులు ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. పిల్లల్లో 15, 20 లోపు ఉంటే మామూలు. గ్లూ ఇయర్ ఉన్న పిల్లల్లో సగటున 25 నుంచి 30 మధ్య ఉంటుంది. కొందరికి సున్నా దగ్గర, కొందరికి 50 దాకా. అందుకే 'నీరుంది' అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. మా వాడికి రెండు చెవులూ 35. అంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెబితే వింటాడు, వంటింట్లోంచి పిలిస్తే మాట సగమే చేరుతుంది, కుక్కరు కూస్తుంటే అదీ చేరదు. 'చెప్పులు'లో 'ప్పులు' చేరింది, ముందు అక్షరం దారిలో పోయింది.

ఇంకో సంగతి తప్పకుండా అడగండి: "బోన్ కండక్షన్ ఎంత వచ్చింది?" చెవి వెనక ఎముక మీద పెట్టి చేసే పరీక్ష అది. నీటిని దాటుకుని నేరుగా లోపలి చెవిని అడుగుతుంది. అది మామూలుగా ఉంటే నష్టం నీటి వల్లే. అది కూడా తగ్గి ఉంటే నరం వైపు లోపం ఉందని, దానికి గ్రోమెట్ వేసినా ఉపయోగం ఉండదు. మన దగ్గర పుట్టగానే వినికిడి పరీక్ష చేయించుకోని పిల్లలే ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న మరీ అవసరం.

ఎక్కడ చేయిస్తారంటారా? హైదరాబాదు కోఠీలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం ఉన్న జాతీయ సంస్థ, అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఊళ్ళల్లో అయితే అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం) బృందం పిల్లల చెవులు కూడా చూస్తుంది. వాళ్ళు జిల్లా కేంద్రానికి పంపిస్తారు.

నాలుగో అడుగు: ఆగకూడని పిల్లలున్నారు

మూడు నెలలు ఆగడం అన్నది మిగతా అన్ని విధాలా బాగున్న పిల్లల కోసం. డౌన్ సిండ్రోమ్, అంగిలి చీలిక, ఆటిజం, ముందు నుంచే వినికిడి లోపం, చూపు లోపం, మాటలు ఆలస్యం కావడం: ఇవి ఉన్న పిల్లలకి కొద్దిపాటి వినికిడి పోయినా దెబ్బ పెద్దది. వాళ్ళ విషయంలో డాక్టరు తొందరపడితే అది సరైన తొందరే.

అలాగే నీరు ఎన్నాళ్ళదైనా, కర్ణభేరి లోపలికి గుంటలు పడి కుంగుతోందంటే ఎదురు చూడరు. ఇక చెవి వెనక వాపు, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనబడటం, మూతి పక్కకి పోవడం, తూలిపడటం, తీవ్ర జ్వరంతో మెడ పట్టేయడం. వీటిలో ఏదున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.

ఐదో అడుగు: ఆగే మూడు నెలల్లో ఏం చేయాలి

ఆగడం అంటే వదిలేయడం కాదు. ముందు స్కూల్లో చెప్పండి. మొదటి బెంచీ, టీచరమ్మకి దగ్గరగా, ఫ్యాను కింద కాకుండా. ఇంట్లో టీవీ ఆపి, దగ్గరికెళ్ళి, వాడు మీ మొహం చూస్తుండగా మాట్లాడండి. ఒక్క ఈ పనితో మా ఇంట్లో సగం అరుపులు తగ్గాయి. "మొండివాడు" అన్న మాట ఆపేశాం.

ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే అది చెవికి చేటు. వరండాలో తాగి లోపలికొచ్చినా బట్టలకి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నేను మొగమాటం లేకుండా మా మామగారితో కూడా చెప్పాను. పసిపిల్లలకి పడుకోబెట్టి పాలసీసా పట్టడం మానాలి, తల ఎత్తుగా ఉండాలి. చెవి ఇన్ఫెక్షన్లు తెచ్చే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాని అడ్డుకునే పీసీవీ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచిత టీకాల పట్టికలో ఉంది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకి వేస్తారు. మీ పిల్ల కార్డులో ఉందో లేదో చూడండి.

నాలుగేళ్ళు దాటిన పిల్లలకి ముక్కుతో ఊదే బెలూన్ ఒకటి దొరుకుతుంది, ఓటోవెంట్ లాంటివి. ఒక ముక్కు మూసి, రెండో ముక్కుతో బెలూన్ ఊదాలి, రోజుకి మూడుసార్లు. ఆ ఒత్తిడికి యూస్టేషియన్ ట్యూబ్ తెరుచుకుంటుంది. బ్రిటన్‌లో 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 320 మందితో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలలకి ఊదినవాళ్ళలో వందకి సుమారు 50 మందికి, ఊదనివాళ్ళలో 38 మందికి చెవి బాగుపడింది. గొప్ప తేడా కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. ఖర్చు తక్కువ, హాని లేదు. మా వాడికి మాత్రం పనిచేయలేదు. మొదటి వారం ఆట, రెండో వారం పేచీ, మూడో వారం బెలూన్ మంచం కింద.

పనికిరానివి కూడా చెప్పాలి. నొప్పి, జ్వరం లేని నీటికి యాంటీబయాటిక్ కోర్సులు, స్టెరాయిడ్లు, జలుబు సిరప్‌లు, ముక్కు తెరిచే చుక్కలు ఇవేవీ ఆ నీటిని తీసేయవు. పిల్లాడికి విడిగా ఎలర్జీ ఉంటే దానికి మందు వేరే సంగతి. మా దగ్గరున్న చీటీల్లో ఒకే నెలలో రెండు యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. అవి మింగించడానికి పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వెల్లుల్లి వేసి కాచిన నూనె మా అత్తగారి వైద్యం. "మీ ఆయనకి ఇదే పోసి పెంచాను" అంటారు. కర్ణభేరి బాగుంటే ఆ నూనె నీరున్న చోటికి వెళ్ళనే వెళ్ళదు, పొర అడ్డం. పొరకి చిల్లుంటే వెళ్ళకూడని చోటికి వెళుతుంది. రెండు విధాలా లాభం లేదని డాక్టరు గారి చేతే చెప్పించాం. మన మాట కంటే ఆ మాటకి విలువెక్కువ, అత్తగారు మారు మాట్లాడలేదు. నూనె మాడుకి మళ్ళింది.

ఆరో అడుగు: మళ్ళీ పరీక్ష, అప్పుడు నిర్ణయం

మూడు నెలలు నిండాక అవే రెండు కాగితాలు మళ్ళీ తీయించండి. ఇప్పుడు తేల్చుకోవచ్చు.

రెండు చెవుల్లోనూ ఇంకా నీరుంది, వినికిడి తగ్గిందని కాగితం చెబుతోంది, దాని గుర్తులు బడిలోనో మాటలోనో కనిపిస్తున్నాయి. ఇలా ఉంటే గ్రోమెట్ వేయించడానికి గట్టి కారణముంది. మా వాడిది ఇదే. జూలైలో 35, అక్టోబరులో 35.

రెండు చెవుల్లో నీరుంది, వినికిడి మాత్రం మామూలుగానే ఉంది. ఆగొచ్చు. మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. ఒకే చెవిలో ఉంటే కూడా చాలావరకు ఇంతే. తూలుతూ నడవడం, చెవిలో ఇబ్బంది, చదువులో వెనకబడటం లాంటివి దానివల్లే అనిపిస్తే మాట్లాడి చూడొచ్చు.

ఇన్ఫెక్షన్లు మాటిమాటికీ వస్తున్నాయి కానీ, ఏ జలుబూ లేని రోజున చూపిస్తే రెండు చెవులూ పొడిగా ఉన్నాయి. వేయించొద్దు. మా ఆడపడుచు కూతురి చెవులూ ఇలాగే పొడిగా ఉన్నాయి, పైగా లెక్కలో నిలిచిన ఇన్ఫెక్షన్లూ రెండే. చెవులు తనంతట తాను ఖాళీ చేసుకోగలుగుతున్నాయంటే గొట్టం పనిచేస్తున్నట్టే. అదే చూపించిన రోజున నీరుంటే అప్పుడు గ్రోమెట్ మాట ఎత్తుతారు. పిట్స్‌బర్గ్‌లో 6 నుంచి 35 నెలల పిల్లలు 250 మందితో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం నాకు కళ్ళు తెరిపించింది. రెండేళ్ళు చూస్తే, గ్రోమెట్ వేసిన వాళ్ళకి ఏడాదికి సగటున 1.48 ఇన్ఫెక్షన్లు, వచ్చినప్పుడల్లా మందు వాడిన వాళ్ళకి 1.56. ఇంచుమించు ఒకటే. ఎదుగుతున్న కొద్దీ ఇద్దరికీ తగ్గాయి.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. గ్రోమెట్ వల్ల వినికిడి వెంటనే బాగుపడుతుంది, మొదటి ఆరు, తొమ్మిది నెలలు ఆ తేడా స్పష్టం. ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి వేయించిన పిల్లల వినికిడికీ, వేయించని పిల్లల వినికిడికీ సగటున పెద్ద తేడా మిగలదు. మిగతా ఆరోగ్యమంతా బాగున్న పసిపిల్లలకి తొమ్మిది నెలల దాకా ఆలస్యం చేసి చూసిన అధ్యయనం ఒకటి అదే పిట్స్‌బర్గ్‌లో జరిగింది. వాళ్ళకి 9 నుంచి 11 ఏళ్ళు వచ్చాక పరీక్షించినా చదువులో, మాటలో తేడా కనబడలేదు. అంటే గ్రోమెట్‌తో మనం కొనుక్కునేది ఒక ఏడాది వినికిడి. ఆ ఏడాది మీ పిల్లకి ఎలాంటి ఏడాది? అక్షరాలు దిద్దే ఏడాదా, మాటలు పేర్చుకునే ఏడాదా, ఇంట్లో అమ్మమ్మ ఒళ్ళో ఆడుకునే ఏడాదా? మా వాడు యూకేజీలో ఉన్నాడు, 'స' పలకడం లేదు, తోటిపిల్లలు పిలిస్తే పలక్కపోయేసరికి వాళ్ళు పిలవడం మానేశారు. మేం కొనుక్కున్నాం.

ఆపరేషన్ అంటే భయమనుకుంటే, లేదా మత్తు ఇవ్వలేని పరిస్థితి అయితే, కొన్నాళ్ళ పాటు వినికిడి యంత్రం పెట్టడం కూడా ఒక దారే. మన దగ్గర దీని గురించి ఎవరూ ఎత్తరు, నలుగురూ చూస్తారన్న బెంగ ఒకటి.

ఏడో అడుగు: సరే అనే ముందు అడగాల్సినవి

మేం ఒక తెల్లకాగితం మీద రాసుకెళ్ళి అడిగినవి ఇవి:

- గ్రోమెట్ కొద్దికాలం ఉండేదా, ఇంగ్లీషు 'T' అక్షరం ఆకారంలో ఎక్కువకాలం ఉండేదా? మొదటిసారికి సాధారణంగా మొదటిదే. అది 6 నుంచి 18 నెలల్లో తనంతట రాలిపోతుంది. ఎక్కువకాలం ఉండేవాటితో పొరకి చిల్లు మిగిలిపోయే అవకాశం చాలా ఎక్కువ.
- అడినాయిడ్ (ముక్కు వెనక ఉండే కండ) కూడా తీయాలంటే ఎందుకు? నాలుగేళ్ళ లోపు పిల్లలకి ముక్కుదిబ్బడ, గురక, నోరు తెరిచి నిద్రపోవడం లాంటి కారణం ఉండాలి. నాలుగు దాటాక చెవి కోసం కూడా తీస్తారు, మళ్ళీ గ్రోమెట్ వేయాల్సిన అవసరం తగ్గుతుంది.
- పిల్లలకి మత్తు ఇవ్వడం అలవాటున్న డాక్టరు ఉంటారా?
- అన్నీ కలిపి ఖర్చెంత? కాగితం మీద రాసివ్వమనండి. ఆరోగ్యశ్రీ గాని, ఏపీలో వైద్యసేవ గాని ఉంటే, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి. బీమా ఉంటే ఒకపూట చికిత్సకి వర్తిస్తుందా అన్నది చూసుకోండి.
- ఆపరేషన్ రోజు ఉదయం చూస్తే నీరు పోయి ఉంటే ఆపేస్తారా?

చివరి ప్రశ్నకి ఒక డాక్టరు గారు నవ్వి, "మంచి ప్రశ్నమ్మా, తప్పకుండా చూసే వేస్తాం" అన్నారు. ఆయన దగ్గరే చేయించాం.

మత్తు గురించి టెన్షన్ అందరికీ ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఇచ్చిన హెచ్చరిక మూడేళ్ళ లోపు పిల్లలకి మూడు గంటలకి మించిన, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి. గ్రోమెట్ ఒక్కటే అయితే పావుగంట పని. అడినాయిడ్ కలిస్తే ఇంకొంచెం.

ఎనిమిదో అడుగు: ఆ రోజు

అన్నం, ఇడ్లీ, గేదె పాలు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్ళు రెండు గంటలు. మీ ఆసుపత్రి వాళ్ళు చెప్పిందే ఆఖరి మాట. బామ్మలు జాలిపడి బిస్కెట్ ముక్క పెట్టకుండా కాపలా ఉండండి, ఒక్క ముక్కకి ఆపరేషన్ వాయిదా పడుతుంది. జలుబు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పండి.

మూతికి మాస్కు పెట్టి మత్తు ఇస్తారు. లేచాక అరగంట ఊరికే ఏడుస్తాడు, ఎవర్నీ గుర్తుపట్టనట్టు చూస్తాడు. అది మత్తు దిగడం, కంగారుపడకండి. సాయంత్రానికి ఇంటికొచ్చాం. దారిలో ఆటో హారను కొడితే చెవులు మూసుకుని "అమ్మా, అది ఎందుకు అరుస్తోంది?" అన్నాడు. మరునాడు ఫ్లష్ చప్పుడుకి బాత్రూమ్‌లోంచి పరిగెత్తుకొచ్చాడు. కొన్నాళ్ళు అన్నీ గట్టిగానే వినిపిస్తాయి, అదే సర్దుకుంటుంది.

తొమ్మిదో అడుగు: గ్రోమెట్ ట్యూబు ఉన్నన్నాళ్ళూ

నీళ్ళ గురించి మనవాళ్ళు మరీ భయపెడతారు. మామూలు స్నానానికి, శుభ్రమైన కొలనులో పైపైన ఈతకి చెవుల్లో ఏమీ పెట్టాల్సిన పనిలేదని ఇప్పటి మార్గదర్శకాలు. చెరువు, కాలువ, గోదావరి రేవులో మునక, లోతుకి దూకడం, సబ్బునీళ్ళలో తల ముంచడం, నీళ్ళు తగిలితే నొప్పంటున్న చెవి: వీటికి మాత్రం వేసలీన్ రాసిన దూది గాని ప్లగ్ గాని పెట్టండి, లేదా మునక మానేయండి. తలంటు రోజున నూనె, కుంకుడుకాయ నురగ చెవిలోకి పోకుండా చూడండి. చెవిలో నూనె చుక్క కూడా వద్దు. ఇప్పుడు నిజంగానే పొరలో దారి ఉంది.

ట్యూబులోంచి ఎప్పుడైనా చీము కారొచ్చు, నలుగురిలో ఒకరికి ఇది జరుగుతుంది. జ్వరం, నొప్పి లేకపోతే నోటి మందు కాదు, చెవి చుక్కలు చాలు. అవి కూడా డాక్టరు రాసిన సిప్రోఫ్లాక్ససిన్ రకానివే. ఇంట్లో ఎప్పటివో మిగిలిపోయిన జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలు వేయకండి, లోపలి చెవికి హాని చేయగలవు. మందుల షాపు అబ్బాయికి కూడా "చెవిలో ట్యూబు ఉంది" అని చెప్పండి. వారంలో తగ్గకపోతే చూపించండి. విమాన ప్రయాణం అంటారా, ట్యూబు ఉన్న చెవికి హాయి.

వేసిన కొన్ని వారాలకి వినికిడి పరీక్ష ఒకటి, తర్వాత ఆరు నెలలకోసారి చూపించడం. మా వాడికి మొదటి కాగితంలో రెండు చెవులూ 15కి వచ్చాయి. కుడి ట్యూబు పదకొండో నెలలో గుబిలితో పాటు దిండు మీద దొరికింది, నీలం రంగు పూసలా. ఎడమది ఎప్పుడు రాలిందో తెలియదు, పద్నాలుగో నెలలో చూస్తే లేదు. రెండు పొరలూ పూడుకున్నాయి. కొద్దికాలం ఉండే ట్యూబు రాలాక వందలో ఇద్దరికి మాత్రం చిల్లు అలా మిగిలిపోతుంది, తర్వాత మూయించుకోవాలి. నీరు మళ్ళీ చేరే పిల్లలూ ఉన్నారు. వాళ్ళకి లెక్క మళ్ళీ రెండో అడుగు నుంచే మొదలు: కొత్త తేదీ, కొత్త కాగితాలు. రెండోసారి వేయాల్సి వస్తే అప్పుడు అడినాయిడ్ సంగతి గట్టిగా ఆలోచిస్తారు.

ట్యూబులు రాలాక తీసిన ఆఖరి టింపనోగ్రామ్ ఇంకా ఫైల్లోనే ఉంది. రెండు గీతలూ కొండలే.